సైకాలజీ మేజర్: సిలబస్ చూసుకోవడం నుంచి చివరి ప్రాజెక్టు దాకా

సైకాలజీ చదువుతున్నానని చెప్పగానే ఎదుటివాళ్లు అనే మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "అయితే నేనిప్పుడు ఏమనుకుంటున్నానో చెప్పు చూద్దాం." మొదట్లో నవ్వి ఊరుకునేదాన్ని. రెండో ఏడాది దాటేసరికి నా జవాబు మారింది: "నువ్వేమనుకుంటున్నావో నీకైనా తెలుసా? తెలుసని ఎలా తేల్చుకున్నావు?" కాస్త పెడసరంగా ఉన్నా, డిగ్రీ మొత్తం ఆ రెండో ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. మనుషుల గురించి ఎవరు ఏ మాటన్నా "అది ఎలా తెలిసింది?" అని అడగాలి, వచ్చిన జవాబు నిలబడేదేనా అని తూచి చూడాలి. ఈ పని ఇష్టమైతే మిగతావన్నీ నేర్చుకోవచ్చు.

చేరకముందు: పేరు చూసి కాదు, సిలబస్ చూసి

చాలామంది ఈ సబ్జెక్టుకు మూడు దారుల్లో వస్తారు. స్నేహితుల కష్టాలు ఓపిగ్గా వినే అలవాటు ఉండి వచ్చేవాళ్లు కొందరు. నేరపరిశోధన సీరియళ్లు చూసి వచ్చేవాళ్లు కొందరు. తమ మనసులోని చిక్కు విప్పుకోవచ్చని వచ్చేవాళ్లు ఇంకొందరు. మూడో కారణం గురించి ఒక్క మాట. మీకు సాయం కావాలంటే థెరపిస్టు దగ్గరికి వెళ్లండి, అది వేగంగా పనిచేస్తుంది. డిగ్రీ క్లాసులో మీ బాధకు జవాబు దొరకదు, బాధను కొలిచే ప్రశ్నావళి ఎలా తయారుచేస్తారో తెలుస్తుంది. రెండూ విలువైనవే, కానీ ఒకదాని బదులు ఇంకోటి పనికిరాదు.

మీరు చూస్తున్న కాలేజీ సిలబస్ డౌన్‌లోడ్ చేసుకుని పెన్సిల్‌తో కూర్చోండి. స్టాటిస్టిక్స్, రీసెర్చ్ మెథడ్స్, ప్రాక్టికల్స్, చివరి ప్రాజెక్టు ఎన్నెన్ని ఉన్నాయో విడిగా లెక్కపెట్టండి. ఇవి బాగా తక్కువగా ఉండి, "వ్యక్తిత్వ వికాసం" తరహా పేపర్లు ఎక్కువగా కనిపిస్తే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. పై చదువులకు వెళ్లినప్పుడు ముందుగా అడిగేది మొదటి రకం పేపర్ల గురించే. బీఏనా బీఎస్సీనా అన్నదాని కంటే ఈ లెక్క ముఖ్యం.

లైసెన్సు సంగతి కూడా ముందే తెలుసుకోవాలి. చాలా దేశాల్లో కేవలం ఈ డిగ్రీతో సైకాలజిస్టుగా చికిత్స చేయడానికి వీల్లేదు. దాని తర్వాత మాస్టర్స్ లేదా డాక్టరేటు, సీనియర్ల పర్యవేక్షణలో కొంతకాలం పని, ఆపైన రిజిస్ట్రేషన్ ఉంటాయి. సైకియాట్రిస్టు కావాలంటే దారే వేరు, మెడిసిన్ చదవాలి. మీరు పనిచేయాలనుకునే చోట లైసెన్సు ఇచ్చే సంస్థ వెబ్‌సైటు తెరిచి, వాళ్ల షరతులు చదివి, అక్కణ్ణుంచి వెనక్కి లెక్క వేసుకోండి. సీనియర్లు చెప్పింది విని ఊరుకోవద్దు, నియమాలు మారుతుంటాయి.

మొదటి ఏడాది: పేర్లు కాదు, ప్రయోగాలు పట్టుకోండి

పరిచయ కోర్సు ఒక జాతర లాంటిది. జర్మనీలోని లైప్‌జిగ్‌లో 1879లో విల్‌హెల్మ్ వుంట్ పెట్టిన ప్రయోగశాలతో మొదలై, పావ్లోవ్ కుక్కలు, స్కిన్నర్ పెట్టె, పియాజే దశలు, ఫ్రాయిడ్, మెదడు భాగాలు, మానసిక వ్యాధులు అన్నీ ఒకే సెమిస్టరులో కళ్లముందు పరుగెత్తుతాయి. విద్యార్థి చేసే మొదటి తప్పు "ఎవరు, ఏ సంవత్సరం, ఏ సిద్ధాంతం" అంటూ బట్టీ పట్టడం. అలా చదివింది పరీక్ష హాలు గుమ్మం దాటగానే ఆవిరైపోతుంది.

దాని బదులు ప్రతి ముఖ్యమైన అధ్యయనానికీ ఒక కార్డు రాసుకోండి. దాని మీద నాలుగే వరుసలు: ఏం తెలుసుకోవాలనుకున్నారు, ఏం చేశారు, ఏం వచ్చింది, ఎక్కడ అనుమానించాలి. ఒక కార్డు ఎలా ఉంటుందో చూద్దాం.

ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ 1974లో ప్రచురించిన ప్రయోగం. ప్రశ్న: అడిగే తీరు జ్ఞాపకాన్ని మార్చేస్తుందా? చేసింది: 45 మంది విద్యార్థులకు కార్లు ఢీకొనే చిన్న ఫిల్ములు చూపించి, కార్లు ఎంత వేగంతో వెళ్తున్నాయని అడిగారు. ప్రశ్నలో క్రియ మాత్రం ఒక్కో గుంపుకు ఒక్కోటి. మన భాషలో చెప్పుకుంటే ఒకరిని "కార్లు తాకినప్పుడు" అని, మరొకరిని "తుక్కుతుక్కుగా గుద్దుకున్నప్పుడు" అని అడిగినట్టు. వచ్చింది: మెత్తని క్రియ విన్నవాళ్ల అంచనా సగటున గంటకు 31.8 మైళ్లు, గట్టి క్రియ విన్నవాళ్లది 40.5 మైళ్లు. చూసినవి అవే ఫిల్ములు! తర్వాత 150 మందితో ఇంకో ప్రయోగం చేసి, వారం ఆగి "పగిలిన అద్దం చూశారా?" అని అడిగారు. ఫిల్ములో పగిలిన అద్దమే లేదు. అయినా గట్టి క్రియ విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. మామూలు క్రియ విన్న 50 మందిలో అలా అన్నవాళ్లు 7గురు, వేగం గురించి అసలు ప్రశ్నే అడగని 50 మందిలో 6గురు.

నాలుగో వరుసే అసలైనది. పాల్గొన్నవాళ్లంతా విద్యార్థులు. తెర మీద చూసిన ప్రమాదం, రోడ్డు మీద గుండె దడదడలాడుతూ చూసిన ప్రమాదం ఒకటేనా? ఆ 16 మంది నిజంగా అద్దాన్ని "గుర్తుచేసుకున్నారా", లేక ఊహించి అవునన్నారా? ఈ వరుస రాయడం వస్తే సైకాలజీ వస్తున్నట్టే. సెమిస్టరుకు ముప్పై కార్డులైతే చాలు, మూడొందలు అక్కర్లేదు.

స్టాటిస్టిక్స్: ఇక్కడే ఎక్కువమంది జారేది

లెక్కలు తప్పించుకుందామని సైకాలజీలో చేరినవాళ్లకు ఇక్కడ పెద్ద షాక్ తగులుతుంది. నిజానికి ఇందులో లెక్క చేయడం కష్టం కాదు, అది సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది. లెక్క ఏం చెబుతోందో, ఏం చెప్పడం లేదో పట్టుకోవడం కష్టం. అందుకే నేర్చుకునే క్రమం ముఖ్యం. ముందు సగటు, ఆ సగటు చుట్టూ విలువలు ఎంత చెల్లాచెదురుగా ఉన్నాయో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్. తర్వాత రెండు విషయాలు ఎంతగా కలిసి మారతాయో చెప్పే కోరిలేషన్. ఆ తర్వాతే గుంపుల సగటులను పోల్చే టీ-టెస్టు, అనోవా, ఒకదాన్నిబట్టి ఇంకోదాన్ని అంచనా వేసే రిగ్రెషన్. వెనకది అర్థం కాకుండా ముందుకు పోతే ఇంక అన్నీ మంత్రాలే.

అందరినీ తికమకపెట్టేది పీ-వాల్యూ. ఒక నాణేన్ని 10 సార్లు ఎగరేశారు, 9 సార్లు బొమ్మే పడింది. నాణెంలో మోసం ఉందా? ముందు "నాణెం మంచిదే" అనుకుందాం. మంచి నాణెం 10 సార్లలో 9 గానీ 10 గానీ ఒకే వైపు పడే అవకాశం 1024లో 22, అంటే దాదాపు 0.02. అదే పీ-వాల్యూ. అంటే "నాణెం మంచిదైతే ఇలాంటి ఫలితం రావడం ఇంత అరుదు" అని. "నాణెం మంచిది కావడానికి అవకాశం 2 శాతం" అని మాత్రం కాదు. ఈ రెండు వాక్యాల తేడా నోటితో ఎవరికైనా వివరించి చెప్పగలిగితే మీరు గట్టెక్కినట్టే. వాడుకలో గీతగా పెట్టుకున్న 0.05 కంటే పీ-వాల్యూ తగ్గినంత మాత్రాన ఆ ప్రభావం పెద్దదని కూడా కాదు. అది ఎంత పెద్దదో చెప్పేది ఎఫెక్ట్ సైజు. ఏ రీసెర్చ్ పేపరు చదివినా రెండూ వెతకండి.

సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే జాస్ప్, జమోవి రెండూ ఉచితం, మౌస్‌తో నడుస్తాయి, మొదటి ఏడాదికి చాలు. రెండో ఏడాది నుంచి ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోండి, అదీ ఉచితమే. కాలేజీలో డబ్బు కట్టి వాడే ఎస్‌పీఎస్‌ఎస్ చెబితే అదీ నేర్చుకోండి, పోయేదేముంది. కానీ కాలేజీ లైసెన్సు అయిపోయిన రోజున చేతిలో మిగిలేది ఆర్.

ఒక సొంత పరాభవం చెప్పాలి. రెండో ఏడాది నిద్రలేమి మీద సర్వే చేశాను. పది వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. ప్రశ్నావళి ఎంత పొందికగా ఉందో చెప్పే క్రాన్‌బాక్ ఆల్ఫా చూస్తే 0.2 దగ్గర ఆగింది. దాదాపు చెత్త అని అర్థం. రెండు రోజులు పాల్గొన్నవాళ్లనే తిట్టుకున్నాను, శ్రద్ధగా నింపలేదని. మా గైడు ఫైలు కూడా తెరవకుండా, "నాలుగో వాక్యం చదువు" అన్నారు. "రాత్రి నాకు సులువుగా నిద్ర పడుతుంది." మిగతా వాక్యాలు నిద్ర పట్టని బాధ గురించి, ఇదీ, ఏడోదీ మాత్రం తిరగేసి రాసినవి. వాటి మార్కుల్ని 6 లోంచి తీసేసి తిప్పుకోవాలి, అంటే 5 ఇస్తే 1, 4 ఇస్తే 2. అది నేను మర్చిపోయాను. తిప్పగానే అంకె ఎక్కడికో పోయింది. అప్పట్నుంచి ఏ గణాంక పరీక్ష నడపకముందైనా మొదటి ఇరవై వరుసల ముడి డేటా కంటితో చదువుతాను. మీరూ చదవండి.

పేపరు చదివే పద్ధతి

రీసెర్చ్ పేపరును నవలలా మొదటి నుంచి చివరి దాకా చదవకూడదు. ముందు సారాంశం. తర్వాత పరిచయ భాగంలో చివరి పేరా, ఎందుకంటే వాళ్ల ఊహ సాధారణంగా అక్కడే ఉంటుంది. ఆపైన పద్ధతి: ఎవరు పాల్గొన్నారు, ఎంతమంది, వాళ్లను ఏం చేయమన్నారు. ఇక్కడ కాసేపు ఆగి, "నేనైతే ఏం వస్తుందనుకుంటాను?" అని మార్జిన్‌లో రాసుకోండి. అప్పుడు గ్రాఫులు, పట్టికలు. రచయితల చర్చ చివర్న. ముందే చర్చ చదివితే వాళ్ల కళ్లద్దాలతోనే ఫలితాలు చూస్తారు.

పాఠ్యపుస్తకాన్ని కూడా ఇలాగే అనుమానించాలి. 1964లో న్యూయార్కులో కిటీ జెనోవీస్ అనే యువతి హత్యను 38 మంది చూస్తూ ఊరుకున్నారన్న కథ దశాబ్దాలపాటు పుస్తకాల్లో నడిచింది. 2007లో ముగ్గురు పరిశోధకులు రికార్డులు తిరగేసి, ఆ కథకు ఆధారం లేదని చూపించారు. గమ్మత్తేమిటంటే, ఆ వార్త చూసి కదిలిన డార్లీ, లటానే 1968లో చేసిన ప్రయోగాలు వేరే సంగతి. చుట్టూ మనుషులున్నారని తెలిస్తే సాయానికి కదలడం ఆలస్యమవుతుందని అవి విడిగా చూపించాయి. కథ కూలిపోయినా ప్రయోగం నిలబడొచ్చు. రెండింటినీ వేరుచేసి చూడడం మీ పని.

దీనికి ఇంకో కోణం ఉంది. 2015లో పెద్ద బృందమొకటి సైకాలజీ పత్రికల్లో వచ్చిన 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూసింది. మూల అధ్యయనాల్లో 97 శాతం గణాంకపరంగా గట్టి ఫలితం చూపగా, తిరిగి చేసినప్పుడు 36 శాతమే చూపాయి. ఇది విని "అయితే సైకాలజీ అంతా బూటకమేనా" అని చప్పబడిపోయేవాళ్లుంటారు. నాకైతే ఇదే ఈ సబ్జెక్టు మీద గౌరవం పెంచింది. తన ఇల్లు తానే సోదా చేసుకుని, దొరికింది అచ్చు వేసుకున్న శాస్త్రం ఇది. ఆ గొడవ తర్వాతే ఊహను ముందే రిజిస్టరు చేయడం, డేటా బయటపెట్టడం లాంటి పద్ధతులు ఊపందుకున్నాయి. మీ ప్రాజెక్టులో అవి మొదటి నుంచే పాటించండి.

చదువుకోవడానికి సైకాలజీనే వాడండి

జ్ఞాపకం గురించి పేజీలకు పేజీలు చదువుతూ, దాన్ని తమ చదువుకు వాడుకోని విద్యార్థులే ఎక్కువ. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లోనే, అర్థంలేని అక్షరాల ముక్కలు తానే కంఠస్థం చేసి తన మీదే ప్రయోగాలు చేసుకుని, మొదటి గంటల్లోనే మరుపు ఎంత నిటారుగా జారుతుందో చూపించాడు. 2006లో రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగంలో కొందరు ఒక పాఠాన్ని నాలుగుసార్లు చదివారు. మరికొందరు ఒకసారి చదివి, మూడుసార్లు చూడకుండా గుర్తున్నంతా రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే నాలుగుసార్లు చదివినవాళ్లదే పైచేయి, 83 శాతానికి 71. వారం తర్వాత తారుమారైంది: చదివినవాళ్లకు గుర్తున్నది 40 శాతం, రాసినవాళ్లకు 61.

కాబట్టి చేయాల్సింది: క్లాసయిన రోజు సాయంత్రం తెల్లకాగితం మీద గుర్తున్నంతా రాయండి, తర్వాతే నోట్సు తెరిచి ఖాళీలు నింపండి. రెండు రోజులకు, వారానికి, మూడు వారాలకు మళ్లీ. చిరాగ్గా ఉంటుంది, రాలేదేమని బెంగ కూడా. రంగు పెన్నుతో గీతలు గీస్తే వచ్చే హాయి ఇందులో ఉండదు, కానీ ఆ హాయే మోసం చేసేది. అన్నట్టు "నేను చూసి నేర్చుకునే రకం, విని నేర్చుకునే రకం" అనే మాటలు పక్కన పెట్టండి. ఎవరి శైలికి తగ్గట్టు వాళ్లకు బోధిస్తే బాగా నేర్చుకుంటారన్న వాదానికి సరైన ఆధారం దొరకలేదని 2008లో వచ్చిన సమీక్ష తేల్చింది.

మెదడు పేపరు

జీవశాస్త్రం రాదని భయపడేవాళ్లకు ఒకే సలహా: భాగాల పేర్లను బొమ్మతోనూ, ఒక మనిషి కథతోనూ ముడిపెట్టండి. కొత్త జ్ఞాపకాలకు కీలకమైన మెదడు భాగం హిప్పోక్యాంపస్ అంటే హెన్రీ మొలైసన్ అనే రోగి కథ. మూర్ఛ తగ్గించడానికి 1953లో ఆపరేషన్ చేసి రెండు వైపులా అందులో చాలా భాగం తీసేశారు. తర్వాత కొత్త సంగతులేవీ ఆయన మనసులో నిలవలేదు. కానీ అద్దంలో చూస్తూ నక్షత్రం గీసే పని రోజురోజుకీ మెరుగ్గా చేశాడు, ముందు రోజు చేసిన గుర్తే లేకుండా! జ్ఞాపకం ఒకటే రకం కాదన్న పాఠం ఇంక జన్మలో మర్చిపోరు.

మానసిక వ్యాధుల పేపరు, దానితో వచ్చే జబ్బు

ఈ సెమిస్టరులో క్లాసులో సగం మందికి తమకు మూడు రుగ్మతలు ఉన్నాయనిపిస్తుంది, మిగతా సగానికి ఇంట్లోవాళ్లకు ఉన్నాయనిపిస్తుంది. రోగ నిర్ధారణకు వాడే డీఎస్‌ఎం-5, ఐసీడీ-11 లాంటి వర్గీకరణల్లో లక్షణాల జాబితా చదివితే అందులో మనమూ కొంత కనిపిస్తాం, అది సహజం. కానీ అక్కడ జాబితా ఒక్కటే ఉండదు. ఎంతకాలంగా ఉంది, రోజువారీ జీవితాన్ని ఎంత దెబ్బతీస్తోంది, వేరే కారణం ఉందా అన్నవి కూడా చూస్తారు. పెద్దమ్మకూ, హాస్టలు గది మిత్రుడికీ రోగం పేరు అంటించకండి. స్నేహాలు పోతాయి, పైగా మీకు ఆ అర్హత ఇంకా లేదు. చదువుతుంటే పాత గాయం ఏదైనా నిజంగానే కెలుక్కుంటే మాత్రం కాలేజీ కౌన్సెలరును కలవండి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

ల్యాబూ, చివరి ప్రాజెక్టూ

మొదటి ల్యాబుల్లో చాలాచోట్ల స్ట్రూప్ ప్రయోగం ఉంటుంది, 1935 నాటిది. నీలి సిరాతో "ఎరుపు" అని రాసి ఉంటుంది. సిరా రంగు చెప్పాలి. నోరు "ఎరు..." అని మొదలుపెట్టి ఆగుతుంది. ఆ తడబాటును సెకన్లలో కొలుస్తారు. రికార్డు రాసేటప్పుడు పాత రికార్డు చూసి దించేయకండి. మీ డేటా అనుకున్నట్టు రాకపోతే ఎందుకు రాలేదో రాసిన పేజీకే మంచి మార్కులు పడతాయి.

ప్రాజెక్టు ప్రశ్న చిన్నదిగా ఉండాలి. "సోషల్ మీడియా యువత మీద ప్రభావం" అనేది ప్రశ్న కాదు, సముద్రం. "పడుకునే ముందు గంటసేపు ఫోను పక్కన పెట్టిన వారంలో, నిద్ర పట్టడానికి పట్టే సమయం తగ్గిందా?" అనేది ప్రశ్న. దాన్ని కొలవొచ్చు, తప్పని తేలే అవకాశమూ ఉంది.

తర్వాత ఎంతమంది కావాలి? కాకిలెక్క వేయొద్దు. జీ-పవర్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. రెండు వేర్వేరు గుంపుల మధ్య ఒక మోస్తరు తేడాను, అంటే 0.5 ఎఫెక్ట్ సైజును, 80 శాతం అవకాశంతో పట్టుకోవాలంటే గుంపుకు 64 మంది కావాలని చెబుతుంది. ముప్పైమందితో సర్దుకుందామనుకున్నవాళ్లకు కళ్లు తిరుగుతాయి. మనుషులు దొరకకపోతే ఒకే మనిషిని రెండు పరిస్థితుల్లోనూ కొలిచే డిజైను వైపు వెళ్లండి, తక్కువమందితో పని అవుతుంది. పైన చెప్పిన ఫోను ప్రశ్నకు అదే నప్పుతుంది.

ఎథిక్స్ కమిటీ అనుమతి రాకుండా ఒక్కరి దగ్గర కూడా డేటా తీసుకోకండి. ఈ నియమాలు ఊరికే రాలేదు. స్టాన్లీ మిల్‌గ్రామ్ 1963లో ప్రచురించిన ప్రయోగంలో, 40 మంది పురుషుల్లో 26 మంది, ప్రయోగం నడిపేవాడు చెప్పాడని, ఎదుటి గదిలోని మనిషికి నిజంగానే షాకులిస్తున్నామనుకుంటూ 450 వోల్టుల మీట దాకా నొక్కారు. షాకులు ఉత్తివే, కానీ నొక్కినవాళ్ల చెమట, వణుకు నిజమైనవి. 1971లో విద్యార్థులను ఖైదీలుగా, కాపలావాళ్లుగా పెట్టి రెండు వారాలు నడపాలనుకున్న స్టాన్‌ఫర్డ్ జైలు ప్రయోగం ఆరు రోజులకే ఆపాల్సి వచ్చింది. మీది నిద్ర సర్వేనే అయినా సమ్మతి పత్రం, మధ్యలో మానుకునే హక్కు, పేర్లు బయటపడకుండా దాచడం తప్పవు. కమిటీ జవాబు వారాలు పట్టొచ్చు, అందుకే దరఖాస్తు సెమిస్టరు మొదట్లోనే పెట్టేయండి. రాసేటప్పుడు అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ (ఏపీఏ) శైలి 7వ ఎడిషన్ అడుగుతారు. ఫార్మాటు కోసం రాత్రులు పాడుచేసుకోకుండా జొటేరో లాంటి ఉచిత సాధనంతో పేపర్లు మొదటి నుంచే పోగేసుకోండి.

తర్వాతి దారికి ఇప్పుడే వేసుకునే బాట

రెండో ఏడాదిలోనే ఒక అధ్యాపకురాలి లేదా అధ్యాపకుడి ల్యాబులో చేయి కలపండి. మొదట్లో డేటా ఎక్కించడం, ఇంటర్వ్యూలు విని టైపు చేయడం లాంటి విసుగు పనే ఇస్తారు. అయినా చేయండి. మాస్టర్స్‌కు సిఫార్సు లేఖ రాసేవాళ్లకు మీ పని గురించి చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలిగా. క్లినికల్ వైపు వెళ్లాలనుంటే హెల్ప్‌లైను లేదా పునరావాస కేంద్రంలో, శిక్షణ ఇచ్చే చోటే, స్వచ్ఛందంగా పనిచేయండి. ఆ పని మీకు సరిపడుతుందో లేదో ఆరు నెలల్లో తేలిపోతుంది. సరిపడకపోతే యూఎక్స్ (యాప్‌లు, వెబ్‌సైట్లు వాడేవాళ్ల అనుభవం) రీసెర్చ్, మార్కెట్ పరిశోధన, హెచ్ఆర్, విద్యారంగం, డేటా విశ్లేషణ ఉన్నాయి. వాటిలో మీ స్టాటిస్టిక్స్ పేపర్లే మిమ్మల్ని ముందు నిలబెడతాయి.

చివరగా, ఎవరూ చెప్పని చిన్న పని ఒకటి. ప్రతి కోర్సు సిలబస్ పీడీఎఫ్‌ను, ఆ ఏడాది ముద్రతో సహా, ఒక ఫోల్డరులో దాచుకోండి. పై చదువులకో లైసెన్సుకో దరఖాస్తు చేసినప్పుడు ఏ కోర్సులో ఏం చదివారో చూపమని అడగొచ్చు. అప్పటికి కాలేజీ వెబ్‌సైటులో కొత్త సిలబస్ మాత్రమే ఉంటుంది, పాతది ఇవ్వమని ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది. నాకు ఆ ఒక్క కాగితం కోసం నాలుగు నెలలు పట్టింది.